ధర తగ్గేదాకా ఆగుదామనుకున్నాము

‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు పెద్దలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇండెంట్లు, టెండర్లు, తులనాత్మక పట్టికల మధ్యనే కాలం గడిపిన మాకు ఈ సామెత ఎన్నడూ పూర్తిగా రుచించలేదు. తొందరపడినవాడు ఎక్కువ పెట్టి కొంటాడు, ఓర్చుకున్నవాడు తక్కువలో మంచి సరుకు తెచ్చుకుంటాడు అన్నది మా అనుభవం. ఈ నమ్మకాన్ని ఒక చిన్న వస్తువు మా ఇంట్లోనే పరీక్షకు పెట్టింది. ఆ వస్తువు ఈ-బుక్ రీడర్. దాని ధర ఎందుకు తగ్గిందో, తగ్గుతున్న రోజుల్లో మేము ఏమి చేశామో తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2010 వేసవిలో నాన్నగారు మా క్వార్టరుకు వచ్చి స్థిరపడ్డారు. ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వచ్చేటప్పుడు బట్టల పెట్టె ఒకటి, పుస్తకాల పెట్టెలు మూడు తెచ్చుకున్నారు. ఉదయం కాఫీ కాగానే వరండాలో పడక కుర్చీ వేసుకొని భోజనాల వేళ వరకు చదువుకోవడం ఆయన నిత్యకృత్యం. దసరా నాటికి పుస్తకం కంటికి మరీ దగ్గరగా జరుగుతున్నదని మా శ్రీమతి గమనించింది. డాక్టరుగారు పరీక్షించి, రెటీనా నడిమి భాగమైన మాక్యులా క్షీణిస్తున్నదని చెప్పారు. పక్క చూపు నిలిచినా నడిమి చూపు క్రమంగా తగ్గుతుందట. అక్షరం పెద్దదిగా ఉంటే మరికొన్నాళ్ళు చదువుకోగలరన్నారు. భూతద్దం కొన్నాము. కాని చేయి కాస్త వణికితే చాలు, వాక్యం జారిపోయేది.

ఆ రోజుల్లోనే విదేశంలో శిక్షణ ముగించుకొని వచ్చిన సహోద్యోగి ఒకరు తన రీడరును రెండు రోజులపాటు మాకిచ్చారు. నాన్నగారు దానిని వరండా ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు.

“కాగితంలాగే ఉన్నదిరా. కళ్ళలో కొట్టడం లేదు. అక్షరం పెద్దది చేయవచ్చునా?” అన్నారు.

చేసి చూపించాము. ఆంగ్ల అక్షరాలు చిక్కుడు గింజలంత అయ్యాయి.

“మరి తెలుగు?” అన్నారు.

“వస్తుంది నాన్నగారూ. కొత్త వస్తువు కదా, నెమ్మదిగా అన్నీ వస్తాయి” అన్నాము.

ఏ ఆధారంతో ఆ జవాబు చెప్పామో నేటికీ మాకు తెలియదు.

కాగితాన్ని పోలిన తెర

నాన్నగారు కాగితంలాగే ఉన్నదనడం సరైన మాట. మామూలు కంప్యూటరు తెర తన వెలుగుతో మన కంటిని చేరుతుంది. ఈ రీడరు తెర అలా కాదు. తల వెంట్రుక మందం గల సూక్ష్మ గుళికలు లక్షలాదిగా అందులో పరచి ఉంటాయి. ప్రతి గుళికలోను నిర్మలమైన ద్రవం, అందులో తెల్లని రేణువులు, నల్లని రేణువులు ఉంటాయి. తెల్లవి టైటానియం డయాక్సైడ్, అంటే మన గోడల రంగుల్లో తెలుపు కోసం వాడేదే. ఈ రెండు రకాల రేణువులకు ఒకదానికొకటి వ్యతిరేకమైన విద్యుదావేశం ఉంటుంది. కింది ఎలక్ట్రోడుకు వోల్టేజి ఇచ్చిన తీరును బట్టి ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. ఒకసారి అమరిన పేజీ విద్యుత్తు లేకున్నా అలాగే నిలిచి ఉంటుంది. పేజీ తిప్పినప్పుడే ఖర్చు. అందుకే ఒకసారి చార్జి చేస్తే బ్యాటరీ వారాల తరబడి వస్తుంది.

అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జాకబ్‌సన్ బృందం చేసిన కృషి ఫలితంగా 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడింది. 2004లో జపానులో సోనీ విడుదల చేసిన ‘లిబ్రియే’ ఈ తెరతో వచ్చిన తొలి రీడరు. 2006లో సోనీ రీడర్ అమెరికా చేరింది. 2009లో తైవానుకు చెందిన ప్రైమ్ వ్యూ సంస్థ ఈ-ఇంక్‌ను కొన్నది. ఇందులో ఇంజనీర్లు గమనించవలసిన విషయం ఒకటున్నది. పోటీపడిన ప్రముఖ సంస్థలన్నింటి రీడర్లలోను తెర ఆ ఒక్క ఇంటి నుంచి వచ్చినదే. తెర ఒక్కటే అయినప్పుడు పోటీ ఇక దేనిమీద జరగాలి? ధర మీద, చుట్టూ చేర్చే హంగుల మీద జరగాలి. అదే జరిగింది.

ధరల పరుగు

2007 నవంబరు 19న అమెజాన్ తన తొలి కిండిల్‌ను 399 డాలర్లకు విడుదల చేసింది. అయిదున్నర గంటలలో సరుకంతా అమ్ముడుపోయింది. 2009 ఫిబ్రవరిలో రెండవ కిండిల్ 359 డాలర్లకు వచ్చింది. జులైలో అది 299 అయింది, అక్టోబరులో 259 అయింది. ఆ అక్టోబరులోనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తక విక్రేత తన ‘నూక్’ను సరిగ్గా 259కే ప్రకటించింది. 2010 జూన్ 21న ఆ సంస్థ నూక్ ధరను 199కి తగ్గించి, వై-ఫై మాత్రమే గల రకాన్ని 149కి పెట్టింది. ఆ రోజే, కొన్ని గంటల తేడాతో, అమెజాన్ తన రీడరును 189కి దించింది. మన టెండర్లలో కవర్లు తెరిచాక ధర మార్చడానికి వీలులేదు. అక్కడ ఒకరి కవరు చూసి మరొకరు తమ అంకె దిద్దుకున్నారు.

2010 ఆగస్టులో వచ్చిన మూడవ తరం కిండిల్ వై-ఫై రకం 139 డాలర్లు. 2011లో తెర నిద్రిస్తున్నప్పుడు ప్రకటనలు కనబడేందుకు ఒప్పుకుంటే 114కే ఇచ్చారు. ఆ సెప్టెంబరులో ప్రకటనలతో కూడిన సాధారణ రకం 79 డాలర్లకు దిగింది. నాలుగేళ్ళలో 399 నుంచి 79! ఐసప్లై అనే పరిశీలక సంస్థ ఆ 79 డాలర్ల పరికరాన్ని విప్పి లెక్కగట్టి, తయారీకే 84 డాలర్లకు పైగా అవుతున్నదని తేల్చింది. పరికరాన్ని లాభం లేకుండా అసలు ఖర్చుకే అమ్ముతున్నామని 2012లో అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ స్వయంగా చెప్పారు.

నష్టానికో, అసలుకో అమ్మేవాడికి ఆదాయం మరో చోట ఉండి తీరాలి. మన కార్యాలయాల్లో ప్రింటరు చౌకగా వస్తుంది, దాని కార్ట్రిడ్జి ఖరీదుగా ఉంటుంది. ఇక్కడ ప్రింటరు రీడరు, కార్ట్రిడ్జి పుస్తకం. ఒకరి రీడరు కొన్నవారు వారి దుకాణంలోనే పుస్తకాలు కొంటూ పోవాలన్నది ఆలోచన. పుస్తకాల ఫైళ్ళకు తాళాలు వేసి, ఒకరివి మరొకరి పరికరంలో తెరుచుకోకుండా చేశారు.

హంగుల పోటీ కూడా ధరల పోటీకి తీసిపోలేదు. 2010లో నలుపు తెలుపుల తేడా పెరిగిన ‘పెర్ల్’ తెర వచ్చింది. 2011లో నూక్ చేతి స్పర్శతో పనిచేసే రకాన్ని తెచ్చింది. 2012 ఏప్రిల్‌లో అదే నూక్ చీకట్లో చదువుకోవడానికి తెర ముందు దీపం అమర్చింది. సెప్టెంబరులో కిండిల్ పేపర్‌వైట్ కూడా దీపంతో వచ్చింది. కెనడా నుంచి కోబో కూడా ఇదే పరుగులో ఉన్నది.

మా తులనాత్మక పట్టిక

ఈ వార్తలన్నీ మేము ఆసక్తిగా చదివేవాళ్ళము. ఒక ఆదివారం నాడు పెద్ద కాగితం మీద గడులు గీసి, వృత్తిధర్మం ప్రకారం తులనాత్మక పట్టిక వేశాము. ధర, బరువు, తెర కొలత, జ్ఞాపకశక్తి, వై-ఫై, బ్యాటరీ, వారంటీ, కస్టమ్స్ సుంకం వగైరా మొత్తం పదకొండు గడులు. 2010లో మన దేశపు ఇన్ఫీబీమ్ సంస్థ ‘పై’ అనే రీడరును 9,999 రూపాయలకు తెచ్చింది. అక్కడ డాలర్లలో ధర నెలనెలా పడిపోతూ ఉంటే ఇక్కడ పదివేలు పోయడమేమిటని దాన్ని పక్కన పెట్టాము. 2011లో 79 డాలర్ల వార్త రాగానే పట్టికను సవరించాము. 2012 ఆగస్టులో కిండిల్ మన దేశపు దుకాణాలలోకి 6,999 రూపాయలకు వచ్చింది. అప్పటికి దీపం ఉన్న రకం గురించి చదివేశాము కనుక, అదీ వస్తుంది, ఇంకొక్క ఆరు నెలలు ఆగుదామనుకున్నాము.

“ఇంకా ఆ కాగితం పూర్తి కాలేదా?” అని మా శ్రీమతి రెండుసార్లు అడిగింది. నాన్నగారు మాత్రం అడగలేదు. ఆయన పుస్తకం వరండాలో నుంచి కిటికీ పక్కకు, కిటికీ పక్క నుంచి టేబుల్ లైటు కిందకు మారింది. మూడు గంటల చదువు గంట అయింది, గంట అరగంట అయింది. ఇది మా కళ్ళ ముందే జరుగుతున్నది. మేము పట్టిక చూసుకుంటున్నాము.

ఆ పదకొండు గడుల్లో ‘తెలుగు’ అన్న గడి లేదు. వర్తకులు తమ ప్రకటనల్లో ఏయే గుణాలు చెప్పారో అవే మా పట్టికకు శీర్షికలయ్యాయి. చదవబోయే మనిషి అడిగిన ఒకే ఒక ప్రశ్న అందులోకి రాలేదు. సాంకేతిక అవసరం వ్రాయకుండా ప్రైస్ బిడ్ తెరిచిన ఇంజనీరును మేమే అయితే ఏమనేవాళ్ళమో పాఠకులు ఊహించవచ్చు.

తీరా కొన్నాక

2013 దీపావళికి ఒక రీడరు కొన్నాము. ఏ సంస్థదన్నది ఇక్కడ అప్రస్తుతం. మేము చెల్లించినది 2010లో ఎక్కువనుకొని పక్కన పెట్టిన ధర కంటే తక్కువేమీ కాదు. దీపం వెలిగింది, ఆంగ్ల అక్షరం ఎంత కావాలంటే అంత పెరిగింది. తెలుగు ఫైలు ఎక్కించాము. అక్షరాలు విడివిడిగా, వత్తులు దేనికవిగా విరిగిపడి వచ్చాయి. ‘స్త్రీ’ అన్న మాట నాలుగైదు ముక్కలై కనబడింది.

దీనికి కారణం తర్వాత తెలుసుకున్నాము. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే స్థానం ఉన్నది. అయితే సంకేత సంఖ్యలు ఉంటే సరిపోదు. హల్లు, దాని కింది వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఇవన్నీ కలిపి ఒక అక్షరంగా పేర్చే ప్రోగ్రాము పరికరంలో ఉండాలి. ఆంగ్లంలో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతే చాలు, తెలుగులో కిందికీ పైకీ పేర్చాలి. మేము కొన్నదానిలో ఆ పని చేసేది లేదు.

అప్పుడు అచ్చు పుస్తకాల ఛాయాచిత్రాలను ఆశ్రయించాము. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డిగారి చొరవతో పది లక్షల పుస్తకాల పథకం నడిచింది. మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా అందులో పాలుపంచుకున్నది. ఆ కృషిలో భాగంగా పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. నాన్నగారు చదువుకున్ననాటి పుస్తకాలు కొన్ని వాటిలో దొరికాయి. కాని ఛాయాచిత్రంలో అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ అంతా పెరగాలి. ఆరంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు కొలత. వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. మన మామూలు డెమీ పుస్తకం వెడల్పు దాదాపు 14 సెంటీమీటర్లు. పేజీని తెరలో ఇమిడిస్తే అచ్చు పుస్తకంలోని అక్షరం మూడింట రెండు వంతులకు కుదించుకుపోయింది. అక్షరం పెంచడానికని కొన్న పరికరం అక్షరాన్ని తగ్గించి చూపింది. పేజీని పెద్దది చేసి అటూ ఇటూ జరిపితే తెర ఆగి ఆగి మారేది. అంతలో నాన్నగారికి ఏ వరుసలో ఉన్నదీ మరపుకు వచ్చేది.

పట్టు వదలక, స్కాన్ అయిన ఒక్కొక్క పేజీని కంప్యూటరులో వరుసలుగా కోసి, తెరకు నాలుగు వరుసలు మాత్రమే వచ్చేలా పేర్చాము. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట కూర్చొని చేసిన పని అది. ఒక్క పుస్తకం పూర్తి కావడానికి నెలలు పట్టింది. 2014 వేసవిలో నాన్నగారి చేతికి ఇచ్చాము. ఆయన తల కాస్త పక్కకు వంచి, మిగిలిన పక్క చూపుతో పదకొండు తెరలు చదివారు. తర్వాత దానిని ఒడిలో పెట్టుకొని, “బాగున్నదిరా. ఇదే మూడేళ్ళ కిందట అయితే పుస్తకమంతా చదివేవాణ్ణి” అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. మేము చేసిన పనికి 2010 నాటి రీడరు కూడా సరిపోయేది. దీపం అక్కరలేదు, స్పర్శ అక్కరలేదు, పెర్ల్ తెర కూడా అక్కరలేదు. అక్కరకు వచ్చేది ఒక్కటే, ఆయన కన్ను. ఆ ధర మాత్రం మేము ఆగిన కొద్దీ పెరుగుతూ పోయింది.

ఆ తర్వాత రాత్రి భోజనాలయ్యాక వంతులవారీగా మేమే చదివి వినిపించేవాళ్ళము. ఒక రోజు మేము, ఒక రోజు మా శ్రీమతి, సెలవులకు వస్తే మా అమ్మాయి. ఉచ్చారణ తప్పితే ఆపి సరిదిద్దేవారు. మహాప్రాణం పలకని రోజున వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివించేవారు. ఇంజనీరింగు చదువులో పడి వదిలేసిన తెలుగు మాకు ఆ వయసులో తిరిగి పట్టుబడింది. 2018లో ఆయన వెళ్ళిపోయేవరకు ఆ చదువు సాగింది.

2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషా పుస్తకాలను ప్రకటించింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, ఈ అయిదే. పేపరులోని ఆ వార్త చదివి వినిపిస్తే నాన్నగారు కాసేపు ఊరకుండి, “మనవాళ్ళు గట్టిగా అడగలేదేమో” అన్నారు. తెలుగు ఈ-పుస్తకాలకు పాఠకులు లేక కాదు. 2010లోనే కినిగె అనే సంస్థ వాటి అమ్మకం మొదలుపెట్టింది. తర్వాత సెల్‌ఫోన్లలో తెలుగు అక్షరం చక్కగా కుదురుకున్నది. కాగితంలాంటి ఆ తెర మీదకు చేరడంలోనే వెనకబడింది.

ఒక మనవి

ధరల యుద్ధం ఎల్లకాలం సాగలేదు. 2014లో సోనీ ఈ వ్యాపారం నుంచి తప్పుకున్నది. పోటీదారులు పలచబడ్డాక ధర పడిపోవడం ఆగింది. ఒకప్పుడు 79 డాలర్లకు దిగిన సాధారణ కిండిల్ 2022లో దాదాపు 100 డాలర్లు, 2024లో 110. తెర నాణ్యత పెరిగిన మాట, డాలరు విలువ తగ్గిన మాట నిజమే. అయినా ఆగితే తగ్గి తీరుతుందన్న మా సూత్రం మాత్రం నిలవలేదు. మన దేశంలో 2019లో దీపం ఉన్న సాధారణ కిండిల్ 7,999 రూపాయలకు వచ్చింది. 2025లో వచ్చిన కొత్త పేపర్‌వైట్ ధర 16,999.

ధరల గడిలో కనబడని ఖర్చు మరొకటి ఉన్నది. మనం టెండర్లలో లోపాలకు విలువ కట్టి ధరకు కలిపినట్టుగా దీనినీ కలుపుకోవాలి. కొన్న పుస్తకం నిజంగా మనదేనా అన్నది ప్రశ్న. 2009 జులైలో, హక్కులు లేనివారు అమ్మకానికి పెట్టారన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ వ్రాసిన ‘1984’ ప్రతులను అమెజాన్ పాఠకుల పరికరాలలో నుంచి తొలగించి డబ్బు వాపసు చేసింది. తర్వాత బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసినప్పుడు, కొన్నవారి పుస్తకాలు కూడా తెరుచుకోకుండా పోయాయి. వారికీ డబ్బు తిరిగి వచ్చింది, పుస్తకం రాలేదు. నాన్నగారి మూడు పెట్టెల పుస్తకాలు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా మా అలమరలో ఉన్నాయి.

రీడరు కొనవద్దని మా ఉద్దేశం కాదు. అక్షరం పెద్దది కావలసిన కంటికి అది నిజంగా ఉపకారి. కొనే ముందు అవసరాన్ని ఒక వాక్యంలో వ్రాసుకోండి. ఎవరు చదువుతారు, ఏ భాషలో చదువుతారు, ఎంత అక్షరం కావాలి అన్నది అందులో ఉండాలి. వీలైతే మీరు చదవబోయే పుస్తకం నుంచే ఒక పేజీని తీసుకువెళ్ళి పరికరంలో వేసి చూడండి. అవసరం తీరుస్తుందనుకుంటే ఆ రోజే కొనండి. వందలు మిగులుతాయని ఆగిన నెలల్లో ఏమి తరుగుతున్నదో కూడా లెక్కలో వేసుకోండి.

మా రీడరు ఇప్పటికీ బల్ల సొరుగులో ఉన్నది. వరుసలుగా కోసి పేర్చిన ఆ పుస్తకం అందులో పదకొండవ తెర దగ్గర ఆగి ఉన్నది. పనిచేసే వస్తువే కనుక మా శ్రీమతి అప్పుడప్పుడు ఆంగ్ల నవలలు చదువుకుంటుంది, ఆ ఫైలును మాత్రం కదపదు.

మీ ఇంట్లోను చూపు తగ్గుతున్న పెద్దవారు ఉండవచ్చు. వారి కోసం ఏదైనా కొనదలచినప్పుడు పట్టిక గీయక ముందే వారిని పక్కన కూర్చోబెట్టుకొని ఏమి కావాలో అడగండి. మా నాన్నగారు మేము అడగకుండానే చెప్పారు. మేమే వ్రాసుకోలేదు.